అన్నమ్మక్క కంటి వైద్యం

ధర్మవరంలో మా రేకుల చర్చికి వచ్చేవాళ్ళకు కష్టమొస్తే ముందు గుర్తొచ్చేది అన్నమ్మక్క. ఆ తర్వాతే ఆసుపత్రి. దేవుడు గుర్తొచ్చేది ఆమె ప్రార్థన మొదలుపెట్టాక. జ్వరమైనా, పరీక్షైనా, పెళ్ళిచూపులైనా, బోరు మోటారు కాలిపోయినా ఆమెకే ఫోను. ఆమె వస్తుంది, కొంగు తలమీద కప్పుకుంటుంది, ఒకసారి గొంతు సవరించుకుంటుంది. ఇక ఆ ప్రార్థన వీధి చివరి టీ కొట్టు దాకా వినపడుతుంది. ఆ కొట్టతను ఏ చర్చికీ వచ్చే మనిషి కాదు. అయినా అలవాటుకొద్దీ పాలు పొంగకుండా చూసుకుంటూ "ఆమేన్" అనేస్తాడు.

అన్నమ్మక్క పుట్టింది తలుపుల అనే ఊరి దగ్గర ఒక మెట్ట పల్లెలో. వాళ్ళ అవ్వ కాలంలోనే ఆ ఇల్లు యేసయ్యను నమ్ముకుంది. శనక్కాయల చేలో కలుపు తీస్తూ అవ్వ పాడిన పాటలే ఆమెకు చదువు. ఓబన్నను చేసుకుని ధర్మవరం వచ్చింది. ఓబన్న పట్టుచీరలు నేసే మనిషి, మాటలు బహు పొదుపు. పెళ్ళయిన కొత్తలో ఆమె చర్చికి రమ్మని పిలిస్తే, "నువ్వు పోయి మాట్లాడిరా. నా పేరు గూడా ఆడ చెప్పు. ఇద్దురూ పోతే మగ్గం ఎవురు జూస్తారు?" అన్నాడట. అప్పటినుంచీ వాళ్ళింట్లో అదే ఏర్పాటు.

ఆమె చేసేది అతుకు పని. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలితిప్పి కలపాలి. వెంట్రుకకన్నా సన్నటి పట్టుపోగులు, వేలకొద్దీ ఉంటాయి. దానికి ఓపిక ఉండాలి, అంతకన్నా ముందు కండ్లు ఉండాలి. అన్నమ్మక్క కండ్లు ఎలాంటివంటే, మగ్గాల యజమాని వీరేష్ చీరలో ఎక్కడో పోగు తేడాగా ఉందని అనుమానం వచ్చినప్పుడల్లా ఆమెనే పిలిచేవాడు. ఆమె గడప దాటకముందే వేలు పెట్టి చూపించేది.

ఆమెకు తేడా వచ్చింది కండ్లలో కాదు, ప్రార్థనలో. అది బయటపడింది ఒక ఎనుము దగ్గర.

ఆ రోజు పొద్దున అన్నమ్మక్క టీచరు ఉద్యోగానికి పరీక్ష రాయబోతున్న పావని కోసం ప్రార్థన చేసి వచ్చింది. మధ్యాహ్నం మా వెనక వీధిలో ఒకరింట్లో పాడి ఎనుము మేత మానేసిందని కబురొచ్చింది. నేనూ వెంట వెళ్ళాను. ఇంటిల్లిపాదీ ఎనుము చుట్టూ నిలబడి కండ్లు మూసుకున్నారు. అన్నమ్మక్క దాని నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన ఎత్తుకుంది.

"ప్రభువా! ఈ బిడ్డ చదివింది మర్చిపోకుండా చూడు తండ్రీ! ప్రశ్నపత్రం చూసి బెదరనీకు! తోటివాళ్ళందరికన్నా మంచి ర్యాంకు దయచెయ్!"

నేను కండ్లు తెరిచాను. ఎనుము కూడా తలెత్తి చూస్తోంది. మిగతా అందరూ భక్తిగా "ఆమేన్" అన్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

సాయంత్రానికి ఎనుము లేచి గడ్డి తినింది. పావని మాత్రం ఆ పరీక్ష తప్పింది.

దారి పొడవునా అన్నమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ర్యాంకు అడిగినా మే, ఎనుముకు ర్యాంకు!" అని నన్ను పొడిచి పొడిచి మరీ నవ్వింది. ఇంటికెళ్ళి పొయ్యి మీద ఎసరు పెట్టాక ఆ నవ్వు ఆగిపోయిందట. ఆ సంగతి చాలా రోజుల తర్వాత ఆమే చెప్పింది. మగ్గం గుంటలో కూర్చున్న ఓబన్న దగ్గరికి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడిందట.

"ఏమబ్బా, నాకు ప్రార్థన రావడంలేదు."

"ఇందాక వీధంతా వినపడె గదా."

"అది నోరు. నోరు దానంతటదే ఆడతాంది. పేరు మారుస్తాండా, అంతే. ఎవురికి జ్వరమో, ఎవురికి పెండ్లో నాకు పట్టడమే లేదు. లోపల ఒట్టి ఎండ."

ఓబన్న అడ్డపోగు తోసే నాడె ఆపి ఆలోచించాడు. "ఒక ఆదివారం యాడికన్నా పో," అన్నాడు. "ఎవురూ తెలీని తావుకు."

శనివారం సాయంత్రం పాస్టరయ్య ఫోను చేశాడు. "అక్కా, రేపు ఆరాధనలో మొదటి ప్రార్థన నువ్వే చెయ్యల్ల," అన్నాడు. అన్నమ్మక్క నోటికి ఏదొస్తే అది అనేసింది. "నేను రాలేనయ్యా. కండ్లు మసగ్గా ఉండాయి. హిందూపురంలో చూపించుకోవల్ల."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, ప్రార్థనకన్నా సులువుగా వచ్చిందట.

ఆదివారం పొద్దున పక్కింటి పీరా ఆటో ఎక్కింది. పీరా ఆ వీధిలో అందరికీ కావలసినవాడు. చర్చివైపు తిప్పబోయాడు.

"ఆ పక్కకాదు పీరా, స్టేషన్‌కు పోనీ. హిందూపురం పోతాండా, కండ్ల డాక్టరు దగ్గరికి."

పీరా అద్దంలోంచి ఆమెను చూశాడు. "ఆదివారం ఏ కండ్ల డాక్టరు ఉంటాడక్కా?"

అన్నమ్మక్క గతుక్కుమంది. "ఉంటాడొకాయన."

"ఉంటాడులే," అన్నాడు పీరా, మీసంలో నవ్వుకుంటూ. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ప్యాసింజరు రైల్లో కిటికీ పక్క చోటు దొరికింది. బడి ఎగ్గొట్టిన పిల్లలా ఉంది ఆమెకు. పెనుకొండ స్టేషన్లో జామకాయలు కొనుక్కుంది, ఉప్పుకారం పూయించుకుని మరీ. కిటికీలోంచి పెద్ద కొండ మెల్లగా వెనక్కి పోతోంది. ఇక్కడ రైల్లో తన నోట్లో జామకాయ, అక్కడ ధర్మవరంలో మొదటి ప్రార్థన చేసేవాళ్ళు లేక పాస్టరయ్య దిక్కులు చూస్తుంటాడన్న తలపు. ఆ తలపుకు జామకాయ ఇంకా తియ్యగా అనిపించిందని తర్వాత నాతో చెప్పింది.

హిందూపురంలో చర్చికి వెళ్దామన్న ఆలోచనే లేదు ఆమెకు. మార్కెట్టంతా తిరగాలి, గాజుల కొట్లు చూడాలి, సాయంత్రం బండికి తిరిగి రావాలి. అంతే. కానీ మార్కెట్టు వెనక సందులో నడుస్తుంటే పాట వినపడింది. ఒక చరణం తెలుగులో, ఒక చరణం కన్నడంలో పాడుతున్నారు. ఒక చిన్న డాబా, బయట చెప్పుల గుట్ట. "ఈడ గూడా పట్టుకుంటివా నన్ను?" అనుకుంటూ లోపలికి వెళ్ళి, తలుపు పక్కన చివరి వరుసలో, గోడకు చేరగిలబడింది.

ఎవరూ ఆమె ఎవరని అడగలేదు. ముందుకు రమ్మనలేదు. అన్నమ్మక్క జీవితంలో చివరి వరుసలో కూర్చోవడం అదే మొదటిసారి. ఫ్యాను గాలి నేరుగా తగులుతోంది. ముందున్న పాస్టరు ఒక ప్రవక్త కథ చెబుతున్నాడు. పెద్ద పెద్ద పనులు చేసిన ఆ ప్రవక్త ఒకరోజు అలిసిపోయి, ఇక చాలు దేవా అని ఒక చెట్టు కింద పడి నిద్రపోయాడట. దేవదూత వచ్చి తిట్టలేదట. లేపి, రొట్టె పెట్టి, నీళ్ళిచ్చి, మళ్ళీ పడుకోనిచ్చాడట.

అంతవరకే విన్నది అన్నమ్మక్క. మళ్ళీ పడుకోనిచ్చాడు అన్న మాట దగ్గర ఆమె కూడా పడుకుంది.

మెలకువ వచ్చేసరికి ఆరాధన అయిపోయి జనం లేస్తున్నారు. తన తల పక్కనున్న మనిషి భుజం మీద ఉంది. బక్కపలచని ముసలామె, చేతులకు కనకాంబరాల వాసన. కదిలితే నిద్ర చెడుతుందని కాబోలు, ఆమె కొయ్యలా బిగుసుకు కూర్చుంది.

"ఏమమ్మా, నిద్ర చెన్నాగ పట్టిందా?" అని కన్నడం కలిసిన తెలుగులో అడిగి నవ్వింది. పేరు యల్లక్క. మార్కెట్లో పూలమ్ముతుంది. ఆ చర్చికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా తెలియదు.

అన్నమ్మక్క సిగ్గుపడి లేవబోయింది. యల్లక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండమ్మా. నీ మొగం చూస్తే చానా అలిసినట్ల ఉండావు. నాకు ప్రార్థన సరిగ్గా రాదు. అయినా నీకోసం చేస్తా," అంది. అలవాటులేని చేతిని అన్నమ్మక్క తలమీద పెట్టింది.

"యేసప్పా, ఈయమ్మ పేరు నాకు గొత్తులేదు. నీకు గొత్తు. బాగా అలిసిపోయింది. నా భుజం మీద పండుకునింది. నా భుజం చిన్నది యేసప్పా. నువ్వు చూసుకో. ఆమేన్."

అంతే ప్రార్థన. అన్నమ్మక్క ఏడ్చింది. మా చర్చిలో ఆమె ఏడుపు అందరికీ తెలుసు, దానికి ఒక రాగం ఉంటుంది. ఇది ఆ ఏడుపు కాదు. శబ్దం లేకుండా, ముక్కు కారుతూ, తుడుచుకోవడానికి కొంగు దొరక్క ఏడ్చింది. ఊరందరి తలమీద తన చెయ్యి ఉంది గానీ, తన తలమీద చెయ్యి పెట్టినవాళ్ళు అవ్వ పోయాక ఎవరూ లేరని అప్పుడు తెలిసిందట. యల్లక్క ఏమీ అడగకుండా డబ్బా తెరిచి చిత్రాన్నం సగం పంచింది. "తిను. తిని మళ్ళీ ఏడువు," అంది.

ఆ వారం ఒక బాలింత ఇంట్లో అన్నమ్మక్క ప్రార్థన చేసింది. మెల్లగా, నాలుగు మాటలు. చేసేముందు పాపను ఒళ్ళోకి తీసుకుని పేరు అడిగింది, తల్లికి నిద్ర పడుతోందా అని అడిగింది. టీ కొట్టతను నన్నాపి, "ఈ పొద్దు అన్నమ్మక్క రాల్యా?" అని అడిగాడు.

ఒక్కసారి పోయివస్తే సరిపోయేది. కానీ నెల తిరక్కుండానే ఆమెకు మళ్ళీ పోవాలనిపించింది. "చుక్కల మందు వేయించుకోవల్ల," అంది పాస్టరయ్యతో. ఆ తర్వాత నెల, "డాక్టరు మళ్ళీ రమ్మన్నాడు," అంది. పోయిన ప్రతిసారీ ఆ చివరి వరుసలో యల్లక్క పక్కన కూర్చుని, కొంత విని, కొంత నిద్రపోయి, ప్రార్థన చేయించుకుని, వెలుగు మొహంతో తిరిగొచ్చేది. ఆ వెలుగు చూసి మా వాళ్ళు వైద్యం బాగా పనిచేస్తోందనుకున్నారు.

అయితే మాది ప్రేమగల చర్చి. అదే వచ్చింది చిక్కు. అన్నమ్మక్క కండ్లు పోతున్నాయని అందరికీ తెలిసింది. ఒకరు క్యారెట్లు తెచ్చారు. ఇంకొకరు పొన్నగంటాకు కట్టలు కట్టలుగా తెచ్చారు, అది కండ్లకు మంచిదని. రోజూ పొద్దున క్యారెట్టు, మాపటికి పొన్నగంటి పప్పు. నాలుగు రోజులు తిన్నాక ఓబన్న కంచం ముందు కూర్చుని, "మే, నాకు ఇంగ రాత్రిపూట గూడా అన్నీ కనపడతాండాయి. చాలించు," అన్నాడు.

నవ్వులాటగా ఉన్నది వీరేష్ దాకా వెళ్ళేసరికి మారింది. అతను మంచి మాటతోనే చెప్పాడు. "కండ్లు బాగయ్యేదాకా అతుకు పని వద్దక్కా, నువ్వు కండెలు చుట్టు. పని మళ్ళీ ఇస్తాలే," అన్నాడు. ఆమె చేతిలో పెరిగిన పనిని ఇంకొకరికి ఇచ్చాడు. అన్నమ్మక్క రాట్నం ముందు కూర్చుని, అవతల కొత్త మనిషి పోగు వదిలేసి పక్కపోగు అతకడం ఇంత దూరం నుంచీ చూసింది. చూసి నోరు మూసుకుంది. చెబితే కండ్లున్నట్టు తెలిసిపోతుంది.

అప్పుడు పాస్టరయ్య ఆమె కండ్ల కోసం శుక్రవారం ఉపవాస ప్రార్థన ప్రకటించాడు.

ఆ రోజు చర్చి నిండిపోయింది. అన్నమ్మక్కను మధ్యలో చాప మీద మోకరింపజేశారు. చుట్టూ ఆడవాళ్ళు, ఆమె తలమీద చెయ్యి పెట్టడానికి చోటు చాలక ఒకరి చేతుల మీద ఒకరు. పొద్దుటినుంచీ ఏమీ తినకుండా, నిజమైన కన్నీళ్ళతో ఆమెకు లేని జబ్బు కోసం ప్రార్థిస్తున్నారు. చేతుల కింద అన్నమ్మక్క చెమటలు కక్కింది. "దేవా, వీళ్ళ ప్రార్థన వినొద్దు. వినినా ఏం జేస్తావులే," అని లోపల గొణుక్కుంది.

ప్రార్థన జోరులో ఉండగా రోజా కేక పెట్టింది. రోజా కొత్తగా పెళ్ళయిన పిల్ల, ఎప్పుడూ పెదవి విప్పదు. ఆమె ముక్కుపుడక ఊడిపోయింది. నువ్వుగింజంత రాయి, అత్తగారు పెట్టింది. అందరూ ప్రార్థన ఆపి నేలమీద పాకుతూ వెతికారు. చాపలు దులిపారు. దొరకలేదు. రోజా ఏడవడానికి సిద్ధమైంది.

అన్నమ్మక్కకు అది కనపడుతూనే ఉంది. పాస్టరయ్య బల్ల కాలి పక్కన, రెండు బండల సందులో మెరుస్తోంది. ఒకసారి కండ్లు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. రోజా మొహం చూసింది. ఉండబట్టలేక వేలు చూపించింది.

"ఆడుండాది చూడు మే, బల్లకాడ, బండల సందులో."

రోజా పరుగెత్తి పుడక తీసింది. ఆ తర్వాత చర్చి రేకులు లేచిపోయేలా కేకలు.

"స్తోత్రం! అన్నమ్మక్కకు చూపొచ్చింది!"

పాస్టరయ్య కండ్లనిండా నీళ్ళు. ఆయన ఎంతో కాలంగా ఇలాంటిది ఒకటి జరగాలని ఎదురుచూస్తున్న మనిషి. ఈ ఆదివారం కాక పై ఆదివారం అక్క సాక్ష్యం చెబుతుందని అక్కడికక్కడే ప్రకటించాడు.

అన్నమ్మక్క ఆ రోజు ఇంటికొచ్చి, మిగిలిన క్యారెట్లన్నీ తీసుకెళ్ళి ఆ వెనక వీధి ఎనుముకు పెట్టింది.

మరుసటి వారం మధ్యలోనే యల్లక్కను చూసిరావాలని బయలుదేరింది. డాక్టరుకు చివరిసారి చూపిస్తానని చెప్పింది. పాస్టరమ్మ మమత పర్సు పట్టుకుని సిద్ధమైపోయింది. "నేనూ వస్తానక్కా. నీ కండ్లు బాగైనాయని డాక్టరు నోటితో చెప్తే వినల్లని ఉండాది," అంది. మమత అన్నమ్మక్కకన్నా చాలా చిన్నది. అయినా పాస్టరమ్మ కాబట్టి అన్నమ్మక్క ఆమెను అమ్మగారూ అంటుంది. అమ్మగారిని వద్దనడం ఎలా?

రైల్లో ఆమె బుర్ర ఆడినంతగా చక్రాలు కూడా ఆడలేదు. పెనుకొండ వచ్చేసరికి ఉపాయం తట్టింది. లేచి, "అమ్మగారూ, మీరు ముందు హిందూపురం పోయి కూర్చోండి. ఈడ కండ్లకు పసరు పోసే ఒకామె ఉండాది. పోయించుకుని వెనక బండికి వస్తా," అంటూ గబగబా దిగేసింది.

"చూపొచ్చినాంక పసరేందక్కా?" అంటూ మమత కూడా దిగింది. ఇద్దరూ ప్లాట్‌ఫాం మీద ఉండగానే రైలు కదిలిపోయింది.

స్టేషను ఖాళీ. ఒక మేక, ఒక కుళాయి, ఎదురుగా ఆ కొండ. సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. అన్నమ్మక్కకు చెప్పడానికి ఇంకో అబద్ధం దొరకలేదు.

"అమ్మగారూ, నా కండ్లకేమీ కాలేదు."

"తెలుసక్కా, దేవుడు బాగుచేసినాడు గదా."

"అంతకుముందు గూడా ఏమీ కాలేదు."

మమత ఆమె వైపు తిరిగి చూసింది. "మరి ముక్కుపుడక?"

"ముక్కుపుడక నిజంగానే కనపడినాది."

అన్నమ్మక్క మొత్తం చెప్పింది. ఎనుము ర్యాంకు, పీరా ప్రశ్న, చివరి వరుస, నిద్ర, యల్లక్క చిన్న భుజం, అన్నీ. మమత కొంగుతో నోరు మూసుకుంది. ఆమె ఏడుస్తోందని అన్నమ్మక్క భయపడింది. నవ్వుతోంది. బెంచీ పట్టుకుని, మేక బెదిరి పారిపోయేంతగా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఎక్కడో ఏడుపుగా మారింది.

"నువ్వన్నా తప్పించుకున్నావక్కా. నేను యాడికి పోయేది? నేను ముందు వరసలో కూర్చోవల్ల. ఆయన వాక్యం ఇంట్లో రెండుసార్లు చెప్పి చూసుకుంటాడు. ఆదివారం అదే మళ్ళీ కొత్తగా విన్నట్ల తల ఊపల్ల. ఎవురొచ్చినా టీ పెట్టల్ల, బాధలు వినల్ల. నా ప్రార్థన నేను ఎప్పుడు చేసుకున్నానో నాకే గుర్తులేదు."

అన్నమ్మక్క ఆమె చెయ్యి పట్టుకుంది. అమ్మగారూ అనలేదు. "లే మే, పోదాం పా," అంది.

హైవే మీద బస్సెక్కి హిందూపురం చేరారు. యల్లక్క మార్కెట్లో పూలగంప ముందు కూర్చుని ఉంది. కథంతా విని ముక్కు మీద వేలేసుకుంది.

"అయ్యో నీ ముదనష్టం! అలిసిపోయినానని చెప్పేదానికి నీకు నామోషీ. కండ్లు పోయినాయని చెప్పేదానికి లేకపోయె!"

"ఇప్పుడేం జెయ్యల్ల?" అంది అన్నమ్మక్క చిన్నపిల్లలా.

"ఆడ అబద్ధం చెప్పినావు, ఆడనే నిజం చెప్పు. ఇంగేముండాది? దా, ఇద్దురూ తలలు ఇట్ల పెట్టండి."

ఇద్దరి తలలమీదా చెరో చెయ్యి పెట్టి మొదలుపెట్టింది. "యేసప్పా, ఈ ఇద్దురూ..." ఎవరో వచ్చి కనకాంబరాలు మూర ఎంత అన్నారు. యల్లక్క ఒక కన్ను తెరిచి ధర చెప్పి, బేరం కుదరక, మళ్ళీ మూసింది. "...ఈ ఇద్దురూ ఊరందరికీ నీళ్ళు మోస్తాండారు. వాళ్ళకే దప్పిక. వాళ్ళకు ముందు నీళ్ళియ్యి. ఆమేన్. ఓ యమ్మా, పోవాకు, కొసరు మూర ఇస్తా దా!"

ఆదివారం చర్చిలో కాలు పెట్టే చోటు లేదు. పాస్టరయ్య పక్క ఊళ్ళ పాస్టర్లను కూడా పిలిచాడు. అంతకన్నా వింత, తెల్లచొక్కా వేసుకుని ఓబన్న వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. భార్య ఏం చెప్పబోతోందో అతనికి తెలుసు.

అన్నమ్మక్క మైకు పట్టుకుంది. గొంతు సవరించుకోలేదు.

"నా కండ్లకు ఏ జబ్బూ లేదు. మీకందరికీ అబద్ధం చెప్పినా. ప్రార్థన చేసి చేసి లోపల ఎండిపోయినా. ఎనుముకు ర్యాంకు అడిగినా. నా కోసం ఎవురన్నా ప్రార్థన చేస్తే బాగుండునని హిందూపురం పోయినా. మీరు నా కోసం పస్తులుండారు. నన్ను క్షమించండి."

పొన్నగంటాకు తెచ్చినామె మొహం ఎర్రబడింది. "ఎండలో చెరువుగట్టంతా తిరిగి కోసుకొచ్చినా!" అంది పైకే. పాస్టరయ్య కుర్చీలో కూలబడ్డాడు. "నేను వాట్సాప్‌లో అందరికీ పెట్టేసినానక్కా," అన్నాడు నీరసంగా.

అప్పుడు తలుపు దగ్గరి నుంచి ఓబన్న మాట్లాడాడు. చర్చిలో అతని మొదటి మాట అదే.

"అబద్ధం తప్పే. నేనే కొంత సాయం బట్టినా. కాకపోతే ఒగ మాట. కండ్లు పోయినాయంటేనే గదా దానికోసం మీరంతా మోకరించినారు? నేను గూడా అంతే. పక్కనే ఉండి, యాడికన్నా పో అన్నానే గాని, దా కూచో అనలేదు."

పాస్టరమ్మ లేవబోయింది. ఆమెకన్నా ముందు లేచింది రోజా. ముందుకొచ్చి, అన్నమ్మక్క తలమీద చెయ్యి పెట్టింది. ఆమె ప్రార్థన మేం వినడం అదే మొదలు.

"ప్రభువా... అక్క అబద్ధం చెప్పింది. అయినా నా ముక్కుపుడక దొరికింది. దానికి స్తోత్రం. అక్కకు... అక్కకు ఏం కావాల్నో అది ఇయ్యి."

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వు అంటుకుంది. నవ్వుతూనే ఒక్కొక్కరూ లేచి వచ్చారు. వచ్చీరాని మాటలతో, మొదలెట్టి మధ్యలో ఆగిపోతూ ప్రార్థనలు చేశారు. పొన్నగంటామె చివరికి వచ్చింది. అక్కను క్షమించే మనసు తనకివ్వమని, అది ఈ వారంలో కాకపోయినా వచ్చే వారమైనా ఇవ్వమని ప్రార్థించింది. పాస్టరయ్య వాట్సాప్ సందేశం తీసెయ్యడానికి ప్రయత్నించి, కుదరక, దాని కింద ఉన్నదున్నట్టు రాశాడు. అది చదివి ఆయన స్నేహితుల్లో ఇద్దరు పాస్టర్లు ఫోను చేసి, ఆ హిందూపురం చర్చి ఏ సందులో ఉందని అడిగారు.

వీరేష్ వారం రోజులు అలిగి, కొత్త మనిషి అతికిన పడుగు రెండుసార్లు చెడ్డాక అలక మానేశాడు. అన్నమ్మక్కకు పని తిరిగొచ్చింది. ఓబన్న ప్రతి ఆదివారం రాడు, మనసు పుట్టినప్పుడు వస్తాడు. వచ్చి తలుపు దగ్గరే కూర్చుంటాడు, గాలి బాగుంటుందని. మమత మూడు వరసలు వెనక్కి జరిగి కూర్చుంటోంది. వాక్యం నచ్చితేనే తల ఊపుతోంది. పాస్టరయ్య ఇప్పుడు ఇంట్లో ఒక్కసారే చెప్పి చూసుకుంటున్నాడు.

అన్నమ్మక్క ఇప్పటికీ అందరి ఇళ్ళకూ పోతుంది. కాకపోతే ఒక షరతు పెట్టింది. ఆమె ప్రార్థన చేశాక ఆ ఇంట్లోవాళ్ళు ఆమె కోసం చెయ్యాలి. రాదంటే ఒప్పుకోదు. ఒకసారి పీరా కూతురికి జ్వరమొస్తే చూడ్డానికి వెళ్ళింది. పీరా భార్య షంషున్నీసా, "మాది మీ మాదిరి కాదు గదక్కా," అంటే, "మీ మాదిరే చెయ్ మే, నాకేం?" అని కూర్చుంది. షంషున్నీసా అరచేతులు చాచి, అన్నమ్మక్క మోకాళ్ళ నొప్పి తగ్గాలని దువా చేసింది.

మొన్న నేను వీరేష్ ఇంటికి వెళ్తే అన్నమ్మక్క మగ్గం ముందు పోగులు అతుకుతూ ఉంది. నాకు చాలా రోజులుగా ఒక సందేహం. "అక్కా, అసలు ఆ హిందూపురంలో నీకు ఏం దొరికింది?" అని అడిగాను.

ఆమె తలెత్తలేదు. వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. "ఎండలో పోతాంటే ఎవురో పిలిచి చెంబుతో నీళ్ళిస్తే తాగినట్ల ఉండె. అంతే. దానికి ఇంగో పేరు నాకు తెలీదు," అంది. ఇంకో పోగు మెలితిప్పి, "ఈ పొద్దు నా కోసం ఎవురూ ప్రార్థన చెయ్యలేదు. నువ్వు చెయ్," అంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చుట్టూ మగ్గాల చప్పుడు, వీరేష్ చూస్తున్నాడేమోనని సిగ్గు. చివరికి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ప్రభువా, అక్కను చల్లగా చూడు," అన్నాను. ఇంకేదో అందామనుకునేలోపే ఆమె ఆమేన్ అనేసి, తెగిన పోగొకటి వేళ్ళ మధ్య పట్టుకుని, వెలుగుకు అడ్డం వచ్చానని నన్ను పక్కకు జరగమంది.